ఐదు స్వరాలూ వచ్చు, పాట మాత్రం రావట్లేదు

ఈసారి ఉత్తరం రాజమండ్రి నుంచి. పేరు వేయొద్దన్నారు. వయసు 37, బ్యాంకులో ఉద్యోగం, ఇంట్లో భర్త, ఆరో తరగతి చదివే పాప. చాలా వివరంగా రాశారు, ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్పి తర్వాత సమాధానంలోకి వెళ్తాను.

చిన్నప్పుడు నాలుగేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకున్నారట. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి రెండు వర్ణాల దాకా వచ్చాక పదో తరగతి, ట్యూషన్లు, అక్కడితో ఆగిపోయింది. రెండేళ్ళ కిందట ఒక అకౌస్టిక్ గిటార్ కొనుక్కుని ఆన్‌లైన్‌లో ఒక టీచర్ దగ్గర చేరారు. కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) అన్నీ అయ్యాక ఏడాదిగా ఏ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్ నడుస్తోంది. దాన్ని గిటార్ మెడ మీద వాయించే ఐదు చోట్లు, అంటే ఐదు బాక్సులూ కంఠతా వచ్చు, తాళం వేసే మెట్రోనోమ్ నిమిషానికి 140 దెబ్బల మీద పెట్టి పైకీ కిందకీ ఒక్క తప్పు లేకుండా వాయిస్తారు. కానీ బ్యాకింగ్ ట్రాక్ (వెనక కార్డ్స్ వినిపించే రికార్డింగ్) పెట్టుకుని సోలో వాయిద్దామంటే నాలుగు లైన్లకే వేళ్ళు మళ్ళీ బాక్సులో ఎక్కడం దిగడం మొదలెడతాయి. "మనసులో ఒక ట్యూన్ నడుస్తూనే ఉంటుందండీ, కూనిరాగం కూడా తీస్తుంటాను, వేళ్ళు మాత్రం దాని వెంట పోవు" అని రాశారు.

వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడున్నాడు. స్కేల్ పేర్లు అడిగితే చెప్పలేడు, కానీ మూడు నాలుగు స్వరాలు వాయిస్తే అందరూ మాటలాపి వింటారు. ఆ కుర్రాడి మీద తనకి అసూయగా ఉందని, అది రాయడానికే సిగ్గేస్తోందని అన్నారు. వినాయక చవితి ప్రోగ్రామ్‌లో ఒక పాటకి మధ్యలో ఎనిమిది బార్లు (ఎనిమిది తాళం చుట్లు అనుకోండి) సోలో వాయించమని అపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగారు, ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ ఎనిమిది బార్లకీ కార్డ్స్ ఏ మైనర్, ఎఫ్, సి, జి, బారుకొకటి చొప్పున రెండుసార్లు. గిటార్ టీచరేమో ఇక మోడ్స్ (ఏడు స్వరాల స్కేళ్ళు) నేర్చుకోవాలి, దానికి వేరే కోర్సు, వేరే ఫీజు అంటున్నారు. రాత్రి పాప పడుకున్నాక ప్రాక్టీస్‌కి కూర్చుంటే భర్త "మళ్ళీ మొదలైందా ఎక్కడం దిగడం" అంటారట. చివర్లో రాసిన మాట ఇది: "గాత్రం సగంలో వదిలేశాను, ఇదీ వదిలేస్తానేమో అని భయంగా ఉంది." మోడ్స్ కోర్సులో చేరనా, టీచర్‌ని మార్చనా, ప్రోగ్రామ్‌కి ఒప్పుకోనా, లేక ఇది నా వల్ల కాదని ఊరుకోనా అని అడిగారు.

సరేనండీ, చెప్తాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మీరు దారిలో అనేసి వదిలేసిన ఒక్క లైను, మనసులో ట్యూన్ నడుస్తుంటుంది అన్నది. రెండేళ్ళు, మూడేళ్ళు గిటార్ వాయించి సోలో రాని వాళ్ళు చాలామంది వస్తుంటారు, వాళ్ళలో ఎక్కువమందికి ఆ ట్యూనే ఉండదు, లోపల ఏమీ వినపడదు, అందుకని ముందు వినడం నేర్పాలి, దానికి చాలా టైం పడుతుంది. మీకు అది ఉంది. నాలుగేళ్ళు శ్రుతి పెట్టె ముందు కూర్చుని పాడిన చెవి అది, ఇరవై ఏళ్ళయినా పోదు. ఏడాదిగా మీరు చేసిన ప్రాక్టీస్‌లో ఆ చెవికి పనే పెట్టలేదు. వేళ్ళకి బాక్స్ షేప్ తెలుసు, ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీద మెట్టు) తర్వాత ఏ ఫ్రెట్టో తెలుసు, కానీ ఆ ఫ్రెట్ నొక్కితే వచ్చేది స నా గ నా ప నా అన్నది వేళ్ళకి ఎవరూ చెప్పలేదు. గుణింతం ఎంత వేగంగా చదివినా అది మాట్లాడటం అవ్వదు కదా, మీ 140 స్పీడు సరిగ్గా అలాంటిది. అది వృథా అని నేననను, ఆ వేళ్ళ తేలిక ముందు ముందు పనికొస్తుంది, కాకపోతే అది వేరే పని.

పెంటటోనిక్‌లోనే ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఏ మైనర్‌లో స్వరాలు ఏడు, ఇంగ్లీషు పేర్లతో: ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి. ఇందులో పక్క పక్కన ఒక్క ఫ్రెట్ దూరంలో ఉండే జంటలు రెండే, బి-సి, ఇ-ఎఫ్. బి, ఎఫ్ తీసేస్తే ఆ రెండు జంటలూ పోతాయి, మిగిలే ఏ, సి, డి, ఇ, జి లలో ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకునే స్వరాలు ఉండవు. అందుకే కొత్తగా నేర్చుకునే వాళ్ళకి మొదట పెంటటోనిక్కే ఇస్తారు, ఎక్కడ నొక్కినా చెవికి తప్పుగా వినపడదు. కానీ ఎక్కడ నొక్కినా తప్పు కాకపోతే ఎక్కడ నొక్కితే ఒప్పో ఎలా తెలుస్తుంది? తప్పు వినపడితే మనిషి ఆగి వెతుక్కుంటాడు. మీకు ఆగాల్సిన అవసరమే రాలేదు, అందుకే వేళ్ళు అలా తిరుగుతూ ఉండిపోయాయి. దీన్ని మీలో లోపంగా తీసుకోకండి, ఆ స్కేల్ తీరే అంత.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన చోటికి వద్దాం. మీరు వాయించే ఏ మైనర్ పెంటటోనిక్ అంటే ఏ ని స అనుకుంటే స గ మ ప ని, అంటే శుద్ధ ధన్యాసి స్వరాలు. అవే ఐదు స్వరాలని సి నుంచి మొదలుపెట్టి సి ని స అనుకుంటే స రి గ ప ద, మోహన. ఇలా స ని మార్చి ఇంకో రాగం తెచ్చే గ్రహభేదం గురించి మీ సంగీతం టీచర్ గారు అప్పట్లో చెప్పే ఉంటారు, లేకపోయినా ఇప్పుడు గిటార్ మీద కళ్ళారా చూడొచ్చు. మీ ఐదు బాక్సులు 6వ స్ట్రింగ్ (అన్నిటికంటే లావు తీగ) మీద వరసగా 5, 8, 10, 12, 15 ఫ్రెట్ల దగ్గర మొదలవుతాయి, అంటే ఏ, సి, డి, ఇ, జి. ఒక్కొక్కదాన్ని స అనుకుంటే వరసగా శుద్ధ ధన్యాసి, మోహన, మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి. వెనక శ్రుతి మారకుండా ఊరికే ఆ బాక్సు నుంచి మొదలుపెడితే రాగం మారిపోదు, స్వరాలు వచ్చినంత మాత్రాన రాగం వచ్చినట్టూ కాదు, గమకం (స్వరాన్ని ఊపడం) లేని మోహన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాగని ఇది చదివి ఈ ఐదు పేర్లు కూడా బట్టీ పట్టే పనిలో పడకండి. ఇదంతా ఎందుకు చెప్పానంటే మీరు కొత్త భాషేదో నేర్చుకోవట్లేదు, మీకు చిన్నప్పుడే వచ్చిన దాన్ని ఇంకో వాయిద్యం మీద వెతుక్కుంటున్నారంతే.

ఒక పని చేసి చూడండి, ఈ రాత్రికే చేయొచ్చు. అప్పట్లో ఐదున్నర శ్రుతిలో పాడేదాన్నని రాశారు కదా, ఫోన్‌లో తంబూర యాప్ పెట్టి 6 శ్రుతి పెట్టండి, అది గిటార్‌లో ఏ. 5వ ఫ్రెట్ దగ్గర వాయించే మొదటి బాక్స్‌ని షేప్ మార్చకుండా 2వ ఫ్రెట్‌కి దించండి. ఇప్పుడు 3వ స్ట్రింగ్ 2వ ఫ్రెట్ మీ స. అదే స్ట్రింగ్ 4వ ఫ్రెట్ రి. 2వ స్ట్రింగ్ మీద 2 గ, 5 ప. 1వ స్ట్రింగ్ మీద 2 ద, 5 పై స. మోహన ఒక స్థాయి మొత్తం మూడు స్ట్రింగ్స్‌లో మీ చేతి కింద ఉంది. ఇక మోహనలోని వరవీణా గీతం పాడుతూ వాయించండి, గ గ పా పా ద ప సా సా, సాహిత్యం కాదు, స్వరమే నోటితో అంటూ. స్పీడ్ వద్దు, మెట్రోనోమ్ వద్దు. ఆ తర్వాత లైన్లో రి స ద ద ప వస్తుంది, ఆ పై రి ఈ బాక్సులో లేదు, 1వ స్ట్రింగ్ 7వ ఫ్రెట్‌లో ఉంది, అంటే రెండో బాక్సులో. నోరు రి అంటుంది కాబట్టి వేలు అక్కడికి స్లైడ్ అవుతుంది. ఏడాదిగా రెండు బాక్సుల్ని ఎలా కలపాలా అని మీరు అవస్థ పడుతున్నది ఇదే. పాట ఎక్కడికి వెళ్తే వేలు అక్కడికి వెళ్తుంది, బాక్సు గోడ గురించి ఆలోచించే పనే ఉండదు. 6 శ్రుతి గొంతుకి కొంచెం ఎక్కువనిపిస్తే ఇంకో ఫ్రెట్ దించితే మీ ఐదున్నరే, కాకపోతే 1వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కొంచెం గట్టిగా ఉంటుంది, వేళ్ళు కాస్త ఎక్కువ చాచాలి.

ఇలా గీతాలు వాయిస్తే గిటార్ నేర్చుకున్నట్టు అవుతుందా, ఇది వెనక్కి వెళ్ళడం కాదా అని మీకు అనిపించొచ్చు. మీ గోదావరి జిల్లాల మనిషినే తలుచుకోండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు (1969–2014) పట్టుకున్నది మనది కాని వాయిద్యం, దాని మీద కర్ణాటక సంగీతం ఎలా వాయించాలో చూపించడానికి ముందు ఎవరూ లేరు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, విన్నదాన్ని ఈ పిల్లవాడు తీగ మీద వెతుక్కునేవాడు. ఫలానా ఫ్రెట్, ఫలానా వేలు అని చెప్పేవాళ్ళు లేరు, గొంతు వినిపిస్తే చెయ్యి దారి కనుక్కుంది. అంతటివాళ్ళం అవుదామని కాదు, ఆ పద్ధతి మీకు సరిపోతుందని చెప్తున్నాను, ఎందుకంటే మీ విషయంలో పాడేవాళ్ళూ మీరే, వెతుక్కునేవాళ్ళూ మీరే. అటు అమెరికా బ్లూస్ సంగీతంలో గిటారిస్ట్ బి.బి. కింగ్ గారు కూడా ఒక లైను పాడి, ఆగి, దానికి జవాబు గిటార్‌తో చెప్పేవారు. ఆయన వాయించింది చాలావరకు ఇలాంటి కొన్ని స్వరాలే, వేగం కూడా పెద్దగా ఉండేది కాదు, ఒక్క స్వరం మీద నిలబడి దాన్ని కదిలించేవారు.

ఇక సోలో సంగతి. మీకిచ్చిన కార్డ్స్ ఏ మైనర్, ఎఫ్, సి, జి అన్నారు కాబట్టి ఇప్పుడు మళ్ళీ 5వ ఫ్రెట్ బాక్స్‌కి వచ్చేయండి. ఈ నాలుగు కార్డ్స్ మీద మీ ఐదు స్వరాలు ఒకేలా వినపడవు. ఏ మైనర్ మీద ఏ, సి, ఇ కుదురుగా కూర్చుంటాయి. ఎఫ్ మీద ఏ, సి. సి కార్డ్ మీద సి, ఇ, జి. జి మీద జి, డి. మిగతావి తప్పు కావు, కానీ అక్కడ ఆగలేవు, ఇంకెక్కడికో వెళ్ళాలని లాగుతుంటాయి. ఇది చదివి బట్టీ పట్టొద్దు, వినండి. ట్రాక్ పెట్టి 3వ స్ట్రింగ్ 5వ ఫ్రెట్, అంటే సి, ఆ ఒక్క స్వరమే బారుకొకసారి మీటుతూ నాలుగు కార్డ్స్ దాటించండి. మూడు కార్డ్స్ దాకా హాయిగా ఉంటుంది, నాలుగోది జి వచ్చేసరికి అదే స్వరం నిలవలేక పక్కకి జరగాలన్నట్టు వినపడుతుంది. అప్పుడు 7వ ఫ్రెట్‌కి, డి కి జరపండి, సర్దుకుంటుంది. ఆ లాగడం, ఆ సర్దుకోవడం మీ చెవికి వినపడిన రోజున సోలో అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు మూడు స్వరాలతో అందర్నీ ఆపుతున్నాడంటే చేస్తున్నది ఇదే, పేరు తెలియకుండా చేస్తున్నాడు.

ఇలా కొంత విన్నాక ఫోన్‌లో ట్రాక్ నడుస్తుండగా గిటార్ పక్కన పెట్టి ఆ ఎనిమిది బార్ల మీద కూనిరాగం తీసి రికార్డ్ చేయండి. చాలాసార్లు చేయండి, వాటిలో మీకు నచ్చిన రెండు మూడు ముక్కలు ఉంటాయి. ఆ ముక్కల్ని గిటార్ మీద వెతకండి. ముఖ్యంగా గమనించండి, పాడేటప్పుడు ఊపిరి తీసుకోవాలి కాబట్టి మీరు ఆగుతారు, గిటార్ మీద ఊపిరి అక్కర్లేదు కాబట్టే వేళ్ళు ఆగకుండా పోతాయి. పాటలో ఆగిన చోటల్లా గిటార్‌లో కూడా ఆగండి. ఒక బారు వాయించి తర్వాతి బారు సగం ఖాళీగా వదిలేస్తే భయమేస్తుంది, వినేవాళ్ళు ఏమనుకుంటారో అని, కానీ వినేవాళ్ళకి ఆ ఖాళీలోనే ముందు వాయించింది అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలకి ఒక్కొక్కటిగా వస్తాను. ఇది చేయండి అని ఆర్డర్ వేయను, ఏది చేస్తే ఏమవుతుందో మాత్రం చెప్తాను.

మోడ్స్ కోర్సు. మోడ్స్ అంటే మళ్ళీ ఏడు స్వరాలు, తీసేసిన ఆ రెండు స్వరాలూ వెనక్కి వస్తాయి, కొన్నిటిలో వాటి స్థానం మారి వస్తాయి. చెడ్డ చదువేమీ కాదు, మేళకర్తల (ఏడు స్వరాల మూల రాగాల) గురించి కాస్త తెలిసిన మీకు తొందరగానే ఎక్కుతుంది కూడా. కానీ ఇప్పుడు చేరితే, ఐదు స్వరాల మీద వచ్చిన అలవాటే ఏడు స్వరాల మీదకి వెళ్తుందని నా అనుమానం, ఇంకో ఏడాదికి ఏడు షేపులు 140 స్పీడ్‌లో వస్తాయి, ట్యూన్ మాత్రం లోపలే ఉండిపోతుంది, పైగా డబ్బు కట్టారు కాబట్టి ఆ కోర్సు పూర్తి చేయాలన్న ఒత్తిడి ఒకటి. కొన్ని నెలలు ఆగి చేరితే ఆ కోర్సే మీకు రెట్టింపు పనికొస్తుంది, బి స్వరం వచ్చి చేరితే రంగు ఎలా మారిందో చెవికి తెలుస్తుంది. టీచర్ గారు ఆఫర్ ఇప్పుడే, తర్వాత ఉండదు అంటే గనక ఆ తొందర ఆయనది, మీది కాదు.

టీచర్‌ని మార్చడం గురించి నేను అంత తొందరపడను. రెండేళ్ళలో మీకు కార్డ్స్, టైమింగ్, శుభ్రమైన వేళ్ళు ఇచ్చారాయన, అది తక్కువ పని కాదు. మీకు గాత్రం వచ్చన్న సంగతి ఆయనకి చెప్పారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పి ఉండకపోతే అందరికీ చెప్పే సిలబస్సే మీకూ చెప్పుంటారు, అందులో ఆయన తప్పు పెద్దగా లేదు. ఒక నెల రోజులు కొత్త షేపులు వద్దండీ, మీరొక ముక్క వాయించండి నేను విని జవాబు వాయిస్తాను, అలా చేద్దాం అని అడిగి చూడండి. ఒప్పుకుంటే మార్చాల్సిన పనే లేదు. అదేం పద్ధతి అని కొట్టిపారేస్తే అప్పుడు ఆలోచించండి. ఇంకో దారి కూడా ఉంది, గిటార్ క్లాసులు ఆపకుండానే వారానికి ఒకసారి రాజమండ్రిలోనే ఎవరైనా గాత్రం టీచర్ దగ్గర మళ్ళీ కూర్చోవడం. దీనివల్ల గిటార్ వేగం కొన్నాళ్ళు తగ్గుతుంది, ఉద్యోగం, పాప, ఇల్లు మధ్య ఇంకో గంట వెతుక్కోవాలి, ఫీజు కూడా రెండు చోట్ల. వచ్చేదేంటంటే మీరు సగంలో వదిలేశాను అనుకుంటున్న దానికి మళ్ళీ చెయ్యి అందుతుంది. మీకు ఇది ఎంత ముఖ్యమో మీకే తెలియాలి.

ప్రోగ్రామ్ సంగతికొస్తే మూడు దారులున్నాయి. వద్దని చెప్పేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, ప్రశాంతంగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు, కాకపోతే ఏ తేదీ లేకపోతే మనం ఎప్పటికీ ఇంకా రెడీ కాలేదనే అనుకుంటాం, మీ ఉత్తరం చదివాక మీకు ఆ అలవాటు కొంచెం ఉందేమో అనిపించింది. రెండోది, ఒప్పుకుని స్టేజి మీద అప్పటికప్పుడు ఏది తోస్తే అది వాయించడం. ఇది ఇప్పుడే వద్దని గట్టిగా చెప్తాను, చేతులు వణికితే వేళ్ళు అలవాటైన చోటికే పరిగెడతాయి, మీ అలవాటైన చోటు ఎక్కడం దిగడం, దిగి వచ్చాక మీ భయం రెట్టింపవుతుంది. మూడోది, పైన చెప్పినట్టు పాడి, వెతికి, ఎనిమిది బార్లూ ముందే కట్టేసుకోవడం. పాటలో వచ్చే సోలోలు ఎన్నో ముందే కట్టుకున్నవే, అందులో మోసమేమీ లేదు, వినేవాళ్ళకి ఆ తేడా కూడా తెలియదు. ఎనిమిది బార్లూ ఎక్కువనిపిస్తే నాలుగు నేను, నాలుగు ఆ కుర్రాడు అని అడగండి.

ఆ అసూయ గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ. ఎవరి దగ్గర మనకి కావలసింది కనపడుతుందో వాళ్ళ మీదే అసూయ పుడుతుంది, అది మీకు ఏం కావాలో చెప్తోంది. ఒక ఆదివారం సాయంత్రం అతన్ని పిలిచి, బాబూ నువ్వు కార్డ్స్ పట్టుకో నేను వాయిస్తాను, తర్వాత నేను పట్టుకుంటాను నువ్వు వాయించు అని అడగండి. మీకంటే చిన్నవాడిని అడగడం మొదట ఇబ్బందిగానే ఉంటుంది, వాడు తన పనుల్లో ఉండి రాకపోవచ్చు కూడా. కానీ వస్తే ట్రాక్‌తో వాయించడానికీ మనిషితో వాయించడానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది, ట్రాక్ మీ కోసం ఆగదు, మనిషి ఆగుతాడు. మీరు ఆ పిల్లాడికి ఇవ్వగలిగింది కూడా ఉంది, వాడు వాయించేదానికి పేరు చెప్పగలరు, ఆ మూడు స్వరాలు ఇంకే కీలో (శ్రుతిలో) ఎక్కడుంటాయో చూపించగలరు. అది వాడికి చాలా ఉపయోగం.

మీ వారి మాట మీకు ఎంత గుచ్చుకుందో రాసిన తీరులోనే తెలిసింది. ఆయన అనాల్సింది కాదు. అయితే ఇంట్లో వాళ్ళ వైపు నుంచి చూస్తే వాళ్ళకి ఏడాదిగా వినపడింది కసరత్తు మాత్రమే, మీరు వాయించిన పాట ఒక్కటీ వాళ్ళు వినలేదు. పాప "పాట వాయించవా అమ్మా" అని అడిగిందని రాశారు. రోజూ ప్రాక్టీస్ చివర్లో ఐదు నిమిషాలు ఒక చిన్న ముక్క, వరవీణా అయినా సరే, పాపకి ఇష్టమైన పాటలో రెండు లైన్లయినా సరే, ఇంట్లో వాళ్ళకి వినపడేలా వాయించండి. దాంతో మీ వారి నోరు ఆగుతుందని గ్యారంటీ ఇవ్వలేను, ఆగకపోతే ఒకసారి కూర్చోబెట్టి ఆ మాట నాకు బాధగా ఉందని సూటిగా చెప్పండి, గిటార్ గురించి కాకుండా మాట గురించి. చాలామంది మగవాళ్ళు అది సరదా మాటనుకునే అంటారు, ఎదుటి మనిషి చెప్పేదాకా వాళ్ళకి తెలియదు.

వదిలేస్తానేమో అన్న భయం గురించి ఒక్క మాట. పదో తరగతిలో గాత్రం మానేసింది మీరు కాదు, మానిపించారు. ట్యూషన్లు, మార్కులు, అప్పట్లో మన ఇళ్ళల్లో ఆడపిల్ల పాటకి ఇచ్చే చోటు అంత. ఆ వయసులో మీ చేతిలో లేని నిర్ణయాన్ని మీ స్వభావంగా రాసుకుని ఇన్నేళ్ళు మోస్తున్నారు. వదిలేసే మనిషైతే ఉద్యోగం చేసుకుంటూ, పాప పడుకున్నాక కూర్చుని ఏడాది పాటు ఐదు బాక్సులు వాయించరు. అలాగే, గిటార్ నిజంగా ఇష్టం లేదని ఎప్పుడైనా తేలితే మానేయడానికి కూడా మీకు హక్కుంది, అదేమీ ఓడిపోవడం కాదు. కానీ మీ ఉత్తరంలో ఇష్టం లేదన్న మాట ఎక్కడా నాకు దొరకలేదు, రావట్లేదన్న బాధే ఉంది.

రోజుకి అరగంటే దొరుకుతుందన్నారు, చాలు. అందులో స్కేల్ పైకీ కిందకీ వాయించడానికి ఐదు నిమిషాలకి మించి ఇవ్వకండి, అది కూడా మెట్రోనోమ్ 60 మీద, వాయించే ప్రతి స్వరం పేరు నోటితో అంటూ. 60 మీద కష్టమనిపిస్తుంది, 140 కంటే కష్టమనిపిస్తుంది, ఎందుకంటే స్వరానికీ స్వరానికీ మధ్య దాక్కోవడానికి చోటుండదు. మిగతా టైమంతా పాడి వెతుక్కోవడానికే. అన్ని బాక్సులూ రోజూ తిప్పక్కర్లేదు, మొదటిదీ, దాని పక్కదీ చాలు, చవితి దాకా మిగతా మూడింటిని ముట్టుకోకపోయినా అవెక్కడికీ పోవు.

చేతి నొప్పి గురించి కూడా అడిగారు, బెండ్ చేస్తుంటే, అంటే తీగని పక్కకి నెట్టి స్వరం పెంచుతుంటే, ఉంగరం వేలు మండుతోందని. మీది అకౌస్టిక్, స్ట్రింగ్స్ 12 గేజ్ (తీగ మందం) అన్నారు. వాటి మీద ఒక పూర్తి స్వరం బెండ్ చేయడం గట్టి చేతులకే కష్టం, అందులోనూ అకౌస్టిక్ సెట్లలో 3వ స్ట్రింగ్ మామూలుగా చుట్టు తీగ ఉన్నదే వస్తుంది, అది అసలు వంగదు. యూట్యూబ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాళ్ళు చేసేది చూసి మీ వేళ్ళని హింస పెట్టకండి. 10 గేజ్ స్ట్రింగ్స్ వేయించుకుంటే చేతికి తేలికవుతుంది, శబ్దం కొంచెం పలచబడుతుంది, కార్డ్స్ వాయించేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మధ్యస్థంగా 11 అయినా పర్వాలేదు. అప్పటిదాకా బెండ్ బదులు స్లైడ్ వాడండి, గమకం అలవాటున్న మీకు స్లైడ్‌లోనే సగం పని అయిపోతుంది, 2వ స్ట్రింగ్ మీద చిన్న చిన్న బెండ్లు చాలు. ఒక వేలితో నెట్టకండి, ఉంగరం వేలు నొక్కితే వెనక మధ్య వేలు, చూపుడు వేలు కూడా అదే స్ట్రింగ్ మీద ఆనించి మూడూ కలిపి నెట్టండి. స్ట్రింగ్స్ మార్చినా, ఇలా నెట్టినా రెండు వారాల్లో మంట తగ్గకపోతే, లేదా మణికట్టు దాకా నొప్పి పాకితే, ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.